రైలు వెళ్ళని కోట

ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే రైల్వే పేట ఉంది. అక్కడి తెలుగు ఇళ్ళలో ఎవరినైనా ఏయే ఊళ్ళు చూశారని అడగండి, చాంతాడంత జాబితా చెబుతారు. పూరీ సంగతి చెప్పనక్కర్లేదు, తిరుపతికి లెక్కే లేదు. కాశీ, హరిద్వార్, రామేశ్వరం, కన్యాకుమారి అన్నీ అయ్యాయి. రైల్వే ఉద్యోగం కనుక ఏడాదికి మూడు సెట్ల పాసులు. పాసు రాయించుకుని, బెర్తులు ఖాయం చేసుకుని, పులిహోర కట్టుకుని ఎక్కి కూర్చుంటే దేశంలో ఏ మూలైనా చూసి రావచ్చు. ఆ ఇంట్లోనే "కురుంబెరా కోట చూశారా?" అని అడగండి. "అదెక్కడ?" అంటారు. కేశియారి దగ్గర, గగనేశ్వర్ అనే పల్లెలో, మీ ఇంటికి 30 కిలోమీటర్లకి అటూ ఇటూగా ఉందని చెప్పండి. వెంటనే వచ్చే జవాబు: "అక్కడేముంది? రాళ్ళేగా!"

ఆ మాట అన్నవారు ఆ రాళ్ళని చూడలేదు. చూడకుండానే తేల్చేశారు. మనుషుల విషయంలో, సంబంధాల విషయంలో, పిల్లల చదువుల విషయంలో మనం చేసే పొరపాట్లలో సగం ఇక్కడే పుడతాయి. ముందు తీర్పు, తర్వాత చూపు. ఈ వరస తిరగేయడం నేర్పేదే ఈ అధ్యాయం. అందుకు పాఠశాలగా ఒక పాత సరిహద్దు కోటని ఎంచుకున్నాను. ఒకప్పుడు రెండు రాజ్యాల మధ్య నిలిచిన కట్టడం కనుక దాన్ని ఒక్క మాటలో తేల్చేయడం ఎవరివల్లా కాదు. ఈ సాధనకి కావలసింది అలాంటి చోటే.

దగ్గరిది ఎందుకు మిగిలిపోతుంది

సుజాన్ షూ, అయెలెట్ నీజీ అనే ఇద్దరు పరిశోధకులు 2010లో ఒక ఆసక్తికరమైన అధ్యయనం ప్రచురించారు. షికాగో, లండన్ లాంటి నగరాల్లో కాపురముంటున్నవాళ్ళు తమ ఊళ్ళో చూడదగ్గ చోట్లని, కొద్దిరోజుల కోసం వచ్చిన యాత్రికుల కంటే తక్కువగా చూశారట. ఊరు వదిలి వెళ్ళిపోవలసి వచ్చినప్పుడు మాత్రం హడావిడిగా చూసేస్తారట. ఇంకో పరీక్షలో ఒక కేకుల దుకాణం కూపన్లు కొందరికి మూడు వారాల గడువుతోనూ, కొందరికి రెండు నెలల గడువుతోనూ పంచారు. మూడు వారాలవాళ్ళలో 31 శాతం మంది కూపన్ వాడుకున్నారు. రెండు నెలలవాళ్ళలో వాడుకున్నది 6 శాతం మందే. గడువు పెరిగేకొద్దీ పని కుదురుతుందనుకుంటాం గానీ నిజానికి అది వాయిదా పడుతుంది.

రైల్వే పాసు పని చేసేదీ ఈ సూత్రం మీదే. ఏడాది దాటితే మురిగిపోతుందన్న భయంతో ఎలాగోలా సెలవు పెట్టి వాడేస్తాం. కురుంబెరాకి అలాంటి గడువేమీ లేదు. అయిదు వందల ఏళ్ళ పైబడి ఉన్న కోట వచ్చే ఆదివారానికీ ఉంటుంది కదా అనుకుంటాం. అలా ఆదివారాలు గడిచిపోతాయి, పిల్లలు పెద్దవాళ్ళై బెంగళూరు వెళ్ళిపోతారు.

ఖరగ్‌పూర్‌వాళ్ళకి దీనికి తోడు ఇంకో కారణం ఉంది. ఆ ఊరు బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే పుణ్యమా అని పెరిగింది. మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి జనం అక్కడికి వెళ్ళిందీ రైల్వే పనికోసమే. అందుకని అక్కడి బుర్రల్లో దేశపటం అంటే టైమ్‌టేబులే. స్టేషన్ ఉంటే ఊరున్నట్టు, లేకపోతే లేనట్టు. కేశియారికి పట్టాలు లేవు. అందుకే వెయ్యి కిలోమీటర్ల అవతలి తిరుపతి మనసుకి దగ్గరైంది, పక్కనున్న గగనేశ్వర్ దూరమైపోయింది.

మీరు ఖరగ్‌పూర్‌లో ఉండకపోవచ్చు. మీ ఊరికి దగ్గర్లో కొండవీడో, గండికోటో, దేవరకొండో, ఎల్గందులో ఉండే ఉంటుంది. మీ టైమ్‌టేబులు వేరే కావచ్చు: ఆఫీసు బస్సు దారో, పిల్లల స్కూలు దారో. ఆ దారికి అటూ ఇటూ ఉన్నదేదీ కంటికి ఆనదు.

కాబట్టి మొదటి పని ఇది: గడువు లేనిదానికి గడువు పెట్టండి. "ఎప్పుడైనా వెళ్దాం" అనే మాట ఇంట్లో నిషేధించండి. కేలండర్‌లో ఒక ఆదివారాన్ని చుట్టేయండి. పక్కింటివాళ్ళకి మాటివ్వండి. మనకి మనం ఇచ్చుకున్న మాటని సులువుగా తప్పుతాం గానీ, "వదినా, ఆదివారం ఏడింటికల్లా తయారుగా ఉండండి" అని పక్కింటావిడకి చెప్పాక వెనక్కి తగ్గడానికి మొహం చెల్లదు.

కాస్త చరిత్ర, కావలసినంతే

వెళ్ళేముందు నాలుగు పుస్తకాలు చదవక్కర్లేదు. ఒక్క ప్రశ్నకి జవాబు తెలిస్తే చాలు: ఈ కోట ఎవరికి హద్దు?

కురుంబెరా పదిహేనో శతాబ్దం మధ్యలో, ఒడిశా గజపతి కపిలేంద్రదేవుడి ఏలుబడిలో లేచిందని చెబుతారు. ఆయన 1434-35 ప్రాంతంలో గద్దెనెక్కాడు. ఉత్తరాన ఆయనకి పొరుగు బెంగాల్ సుల్తానులు. నేటి పశ్చిమ మేదినీపూర్ ప్రాంతమంతా ఆ రెండు రాజ్యాలూ ఒరుసుకునే నేల. కపిలేంద్రుడు తన బిరుదుల్లో గౌడేశ్వరుడనీ చేర్చుకున్నాడు, బెంగాల్‌కి కూడా ప్రభువునే అని చాటుకోవడానికి.

ఇక దక్షిణం వైపు చూడండి. రాజమహేంద్రవరం రెడ్డి రాజ్యం ఈ కపిలేంద్రుడి చేతిలోనే ముగిసింది. కొండవీడు కూడా గజపతుల కిందికి పోయింది. కొండవీటి వైభవంలో వెలిగిన శ్రీనాథుడు చివరి దశలో పడ్డ ఇక్కట్లకి ఈ రాజ్యాల తారుమారే కారణమని సాహిత్య చరిత్రకారులు అంటారు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీటిని గెలుచుకున్నది కూడా గజపతుల నుంచే.

అంటే మన కొండవీడూ, ఖరగ్‌పూర్ పక్కనున్న కురుంబెరా ఒక రాజ్యానికి రెండు చివర్లు. ఇవాళ ఆ రెండు చివర్ల దాపున పోయేదీ ఒకే రోడ్డు, 16వ నంబరు జాతీయ రహదారి. ఖరగ్‌పూర్ దాటి, బాలేశ్వర్, భువనేశ్వర్, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం, విశాఖ, రాజమండ్రి, విజయవాడ, గుంటూరు మీదుగా చెన్నై పోతుంది. కురుంబెరాకి ఆ రోడ్డు వదిలి పడమటికి తిరగాలి. కొండవీటికి యడ్లపాడు దగ్గర తిరగాలి. సెలవుల్లో కారులో సొంతూరు వచ్చే ఖరగ్‌పూర్ కుటుంబం ఏటా ఒక పాత సామ్రాజ్యాన్ని ఈ కొస నుంచి ఆ కొస వైపు దాటుతోందన్నమాట.

హద్దు అక్కడే ఆగిపోలేదు. 1568లో ఒడిశా స్వతంత్ర రాజ్యం కూలింది. 1575 మార్చి 3న, దాంతన్ దగ్గర తుకారోయి అనేచోట అక్బరు సేనలకీ బెంగాల్ అఫ్ఘాన్ పాలకుడు దావూద్ ఖాన్ కర్రానీకీ పెద్ద యుద్ధం జరిగింది. మొగలుల పక్షాన తోడర్‌మల్ కూడా ఆ రణంలో ఉన్నాడు. 1751లో బెంగాల్ నవాబు అలీవర్దీ ఖాన్ మరాఠాలతో సంధి చేసుకుని సువర్ణరేఖ నదిని హద్దుగా ఒప్పుకున్నాడు. 1760లో మేదినీపూర్ ఈస్టిండియా కంపెనీ పాలైంది. 1803లో ఒడిశా కూడా కంపెనీకి చిక్కేదాకా, నదికి ఇవతల ఇంగ్లీషువాళ్ళు, అవతల మరాఠాలు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మేదినీపూర్ బెంగాల్‌లోనే ఉండిపోయింది. అదే రోజున మన పర్లాకిమిడి పట్టణం ఒరిస్సాలోకి వెళ్ళిపోయింది, చుట్టుపక్కల పల్లెలు చాలా మద్రాసు రాష్ట్రంలో మిగిలాయి. శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబాలకి ఈ సంగతి పుస్తకంలో చదవాల్సిన పని లేదు, వాళ్ళ మేనత్తల ఊళ్ళు గీతకి రెండు పక్కలా ఉన్నాయి.

ఇంత తెలిస్తే చాలు. నేల ఉన్నచోటే ఉంది, దాని యజమానులే మారారు. కోట ముందు నిలబడ్డప్పుడు ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే మిగతాది కళ్ళు చూసుకుంటాయి.

బయల్దేరే రోజు

కాలం: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున రోడ్డు మీద పొగమంచు దట్టంగా ఉంటుంది. లారీలు తిరిగే దారి కనుక, మంచు విచ్చాకే బయల్దేరండి. ఏప్రిల్, మే నెలల్లో ఆ ప్రాంతపు ఎర్రనేల నిప్పులు కక్కుతుంది. వానాకాలంలో పచ్చగా కన్నులపండుగే గానీ రాళ్ళకి పాకుడు పడుతుంది. పెద్దవాళ్ళని తీసుకెళ్ళేటట్టయితే వద్దు.

బండి: రెండు కుటుంబాలు కలిసి ఒక బండి మాట్లాడుకోవచ్చు. మోటారుసైకిళ్ళ మీద వెళ్తే వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ ఉండాలి. పెద్ద రోడ్డు దిగాక వేగం తగ్గించండి. అక్కడ కోళ్ళు, మేకలు, సైకిళ్ళ మీద బడిపిల్లలు, రోడ్డు పక్క ఆరబోసిన వడ్లు, అన్నీ మీకంటే ముందునుంచీ ఉన్నవే.

దారి: ఫోనులో మ్యాపు ఉన్నా ఒకచోట ఆగి మనిషిని అడగండి. ట్రాఫిక్‌లో పెరిగినవాళ్ళకి బంగ్లా రాకపోదు. "కాకూ, కేల్లాటా కోన్ దికే?" (బాబాయ్, కోట ఎటువైపు?) అంటే చాలు. ఆ కాకూ దారి చూపించడంతో ఊరుకోడు. ఎక్కణ్ణుంచి వచ్చారు, ఎవరి తాలూకు అని అడుగుతాడు, తనకి తెలిసిన కథొకటి చెబుతాడు. ఆ కథ నిజమో కాదో తర్వాత చూసుకుందాం, ముందు వినండి. ఆ పల్లెల్లో బెంగాలీలు, ఒడియా ఇంటిపేర్లవాళ్ళు, సంతాలులు కలిసి ఉంటారు. చెప్పేవారిని బట్టి కథ మారడం అక్కడ సహజం.

తిండి: కోట దగ్గర హోటళ్ళు ఉంటాయని ఆశపడకండి. మంచినీళ్ళు, పులిహోర, పెరుగన్నం ఇంటి నుంచే. దారిలో ఆగితే టీ, మూరీ (మరమరాలు), వేడి ఆలూ చాప్ దొరుకుతాయి. మేదినీపూర్‌వాళ్ళకి మూరీ పొద్దుటి టిఫినూ, సాయంత్రం పలహారమూ రెండూనూ. కోట లోపల మాత్రం తినొద్దు. కేశియారిలోనే కాలకృత్యాలు ముగించుకోండి, ఆడవాళ్ళకి ఇది మరీ ముఖ్యం.

తిరుగుప్రయాణం: పొద్దు గూకేలోపు పెద్ద రోడ్డు ఎక్కేయండి. వరికోతల కాలంలో పశ్చిమ మేదినీపూర్ అడవుల ఏనుగులు చేలమీదికి వస్తుంటాయి. చీకట్లో ఆ దారుల్లో తిరగడం ధైర్యమనిపించుకోదు.

ఒక హెచ్చరిక. "అంతదూరం వెళ్తున్నాం, మొగల్‌మారి కూడా చూసేద్దాం, దాంతన్ చెరువు కూడా కలిపేద్దాం, సువర్ణరేఖ వంతెన దగ్గర ఫొటోలు దిగుదాం" అని ఇంట్లో ఎవరో ఒకరు మొదలుపెడతారు. ఒప్పుకోకండి. మొగల్‌మారి గొప్ప చోటే. 2003-04 నుంచి కలకత్తా విశ్వవిద్యాలయం తవ్వకాలు జరిపి అక్కడ బౌద్ధ విహారాన్ని వెలికితీసింది. అంతటి చోటుకి ఇంకో ఆదివారం కేటాయించండి. ఒక రోజుకి ఒక చోటు, మన సాధనకి ఇది నియమం. నాలుగు చోట్లు చూసొచ్చినవారు నాలుగు పేర్లు చెప్పగలరు, ఒక్కచోట నిలబడ్డవారికి ఆ చోటు తెలుస్తుంది.

కోట ముందు నిలబడ్డాక

మొదటి ఇరవై నిమిషాలు ఫోను జేబులోనే ఉంచండి. అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక మ్యూజియంలో పరీక్ష చేసి 2014లో ఫలితాలు ప్రచురించారు. ఊరికే చూసిన వస్తువుల కంటే ఫొటో తీసిన వస్తువుల వివరాలు జనానికి తక్కువ గుర్తున్నాయి. కెమెరా గుర్తుపెట్టుకుంటుందిలే అని మనసు పని మానేస్తుందన్నమాట. వస్తువులో ఏదో ఒక భాగాన్ని దగ్గరగా చూపించేలా ఫొటో తీసినవాళ్ళకి మాత్రం ఆ నష్టం కనబడలేదు. కాబట్టి ఫొటో వద్దనడం లేదు. ముందు చూడండి, నచ్చిన ఒక్క రాయిని ఎంచుకోండి, తర్వాత దాన్ని తీయండి.

లోపలికి పరుగెత్తకుండా బయటి గోడ వెంట నడవండి. నడుస్తూ పిల్లల్ని అడగండి: కోటకి ఏమేం ఉండాలి? బురుజులుండాలి, కందకం ఉండాలి, పైనుంచి బాణాలో తుపాకులో పేల్చడానికి రంధ్రాలుండాలి. గోల్కొండ చూసిన పిల్ల అయితే టకటకా చెప్పేస్తుంది. "మరి ఇక్కడ అవన్నీ ఉన్నాయేమో వెతుకు" అనండి. జవాబు మీరు చెప్పకండి.

తర్వాత రాయి. కట్టడమంతా లేటరైట్ రాయి. బెంగాలీలు మాక్‌డా పాథర్ అంటారు. ఎర్రగా, తుప్పుపట్టిన ఇనుములా, ఒళ్ళంతా తూట్లతో ఉంటుంది. ఈ రాయికి ఒక గుణం ఉంది. నేలలోంచి తీసినప్పుడు మెత్తగా ఉండి దిమ్మెలుగా కోయడానికి వీలిస్తుంది. గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. 1800ల మొదట్లో ఫ్రాన్సిస్ బుకానన్ అనే స్కాట్లండ్ వైద్యుడు మలబారు ప్రాంతంలో ఇదే రాయిని ఇటుకల్లా కోసి ఇళ్ళు కట్టడం చూసి దానికి లేటరైట్ అని పేరు పెట్టాడు. ఇంత తూట్ల రాయి మీద ఉలితో నగిషీ నిలవదు. అందుకే ఇక్కడ రామప్ప మదనికలు, లేపాక్షి లతలు వెతికితే నిరాశే. ఇక్కడి అందం వరసలో ఉంది. రాయి మీద రాయి, స్తంభం పక్కన స్తంభం. మరీ దగ్గరికి వెళ్ళి రెండు దిమ్మెలు కలిసినచోట కన్ను పెట్టండి. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసినాయన ఎవరైనా మీతో ఉంటే ఆయన్ని ముందుకి పిలవండి. చరిత్ర పండితుడికి కనబడనిది ఆయనకి కనబడుతుంది. జాయింటు ఎక్కడ బిగిసింది, బరువు ఎటు దిగుతోంది, ఏ రాయిని తర్వాతెవరో మార్చి పెట్టారు అన్నవి ఆయన చూపుడువేలితో చూపిస్తాడు. ఇంట్లో ఎప్పుడూ నోరు విప్పని మావయ్య ఆ ఒక్కరోజు గైడు అయిపోతాడు.

లోపల విశాలమైన ఖాళీ ముంగిలి. చుట్టూ స్తంభాల వసారా. ముంగిట్లో మూడు గుమ్మటాల కట్టడం ఒకటి. ఔరంగజేబు కాలంలో మహమ్మద్ తాహిర్ దాన్ని కట్టించాడని అక్కడ దొరికిన శాసనాన్ని బట్టి చెబుతారు. అదే ముంగిట్లో పాత గుడి ఆనవాళ్ళు. ఒడియా లిపిలో ఉన్న శాసనం చాలా మటుకు అరిగిపోయింది. పల్లె పేరేమో గగనేశ్వర్, శివుడి పేరు. ఇప్పుడు ఇదంతా భారత పురావస్తు శాఖ రక్షణలో ఉంది.

మనిషికో పని అప్పగించండి. చిన్నవాడు ఒక వైపు స్తంభాలు లెక్కపెట్టాలి. పెద్దపిల్ల నేల మీద కూర్చుని కాగితం మీద ముంగిలి నమూనా గీయాలి. నాయనమ్మ గుడి ఆనవాళ్ళు ఎక్కడెక్కడున్నాయో చూడాలి. పనున్నవాడు విసుక్కోడు.

గోడ మీద పేర్లు చెక్కడం లాంటివి ఎవరైనా చేస్తుంటే పెద్దవాళ్ళుగా ఆపండి. పురాతన కట్టడాల చట్టం 1958 నాటిది. 2010 సవరణ తర్వాత రక్షిత కట్టడాన్ని పాడుచేసినవారికి రెండేళ్ళ దాకా జైలో, లక్ష రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడవచ్చు.

"ఇంతకీ ఇది ఎవరిది?"

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. కోట అనేవారున్నారు. కోట కాదు, ప్రాకారం కట్టిన గుడే అనే పరిశోధకులూ ఉన్నారు. మసీదు అనేవారున్నారు. సైన్యాలు విడిది చేసిన చోటనేవారూ ఉన్నారు. ప్రతివారి చేతిలోనూ ఒక రాయి ఉంది, చూపించడానికి.

ఇలాంటిచోట మన నోరు వెంటనే ఒక పక్షం ఎత్తుకుంటుంది. అలా జరగకుండా ఒక చిన్న పద్ధతి చెబుతాను. నోటుబుక్కులో ఒక పేజీని మూడు గడులు చేయండి. మొదటి గడిలో "నేను చూసింది", రెండోదాంట్లో "నేను విన్నది", మూడోదాంట్లో "నాకు తెలియనిది". స్తంభాలు, గుమ్మటాలు, అరిగిన అక్షరాలు మొదటి గడిలోకి వెళ్తాయి. కాకూ చెప్పిన కథ, బోర్డు మీద రాసింది, నేను ఈ అధ్యాయంలో చెప్పింది కూడా రెండో గడిలోకే. మూడో గడి ఖాళీగా ఉంటే మీరు సరిగా చూడలేదని అర్థం.

తాతా మనవరాళ్ళ మధ్య ఆ సంభాషణ ఇలా నడవొచ్చు.

"తాతయ్యా, ఇది కోట కాదు. గుడి."

"ఏటమ్మా, అలాగెందుకనిపించింది?"

"బురుజులు కనబడ్డం లేదు. మన సింహాచలంలో లాగ చుట్టూ మండపం ఉంది."

"బాగుంది. మరి గుమ్మటాలో?"

"అవి తర్వాత కట్టారేమో."

"నువ్వు చూసేవా, ఎవరైనా చెప్పేరా?"

"చెప్పేరు."

"అయితే ఏ గడిలో రాస్తావు?"

పిల్ల రెండో గడిలో రాసుకుంటుంది. తాతయ్య తీర్పు ఇవ్వలేదు, పిల్లని తప్పుపట్టలేదు. తనకి తెలిసిందేమిటో, తను నమ్మిందేమిటో విడదీసి చూపించాడు. ఎనిమిదేళ్ళకి ఇది అబ్బిన పిల్ల రేపు వాట్సాప్‌లో వచ్చే ప్రతిదాన్నీ ముందుకి తోసేయదు.

పెద్దవాళ్ళకీ ఇందులో ఒక ఊరట ఉంది. ట్రాఫిక్‌లో పుట్టిపెరిగిన మనిషి ఇంట్లో తెలుగు, డ్యూటీలో హిందీ, బజారులో బంగ్లా మాట్లాడతాడు. సొంతూరు వెళ్తే "మీరు బెంగాలీలైపోయారురా" అంటారు. ఖరగ్‌పూర్‌లో "మీది ఆంధ్రా కదా" అంటారు. ఏదో ఒకటి తేల్చుకోమని రెండు వైపుల నుంచీ ఒత్తిడి. కురుంబెరా ముంగిట్లో నిలబడితే ఆ ఒత్తిడి కొంత సడలుతుంది. ఒడియా అక్షరం, మొగలు గుమ్మటం, శివుడి పేరు, బెంగాలీ పల్లె ఒకే ప్రాకారంలో కుదురుకున్నాయి. ఎవరో ఒకరిదని తేలేదాకా ఆ గోడలేం ఆగలేదు.

ఇంటికొచ్చాక

కోట చూడటం వరకే అయితే ఇది యాత్రల పుస్తకంలో ఉండాల్సిన అధ్యాయం. మనకి కావలసింది ఆ మూడు గడులు ఇంట్లోకి రావడం.

అమ్మాయికి సంబంధం వచ్చిందనుకోండి. "వాళ్ళు మహా గట్టివాళ్ళట" అని ఎవరో అన్నారు. అది రెండో గడి. మీరు వాళ్ళింట్లో రెండు గంటలు కూర్చున్నారు. అబ్బాయి తల్లి పనిమనిషిని ఎలా పిలిచిందో విన్నారు, అబ్బాయి తన చెల్లెలి మాటకి అడ్డొచ్చాడో లేదో గమనించారు. అది మొదటి గడి. జీతం పోయిన రోజున ఆ అబ్బాయి ఎలా ఉంటాడో? అది మూడో గడి. చాలామంది రెండో గడిని మొదటి గడి అనుకుని నిర్ణయం తీసుకుంటారు. సంబంధం వదులుకున్నా, ఖాయం చేసుకున్నా, ఏ గడి మీద ఆధారపడ్డారో తెలిసి చేయండి.

ఆఫీసుకి కొత్త అధికారి బదిలీ మీద వస్తున్నాడు. ఆయన రైలు దిగకముందే "చండశాసనుడట" అని వార్త దిగుతుంది. ఆ మాటతోనే మొదటిరోజు బిగుసుకుని నిలబడతాం. మన బిగుసుడు చూసి ఆయనా బిగుసుకుంటాడు. "చూశారా, నే చెప్పలేదూ" అనుకుంటాం. ఇక్కడ చేయవలసింది గోడ చుట్టూ నడవడమే. ఒక నెలపాటు అభిప్రాయం చెప్పకుండా పని చూడండి. ఎప్పుడు కోప్పడ్డాడు, దేనికి కోప్పడ్డాడు, తప్పు తనదైతే ఒప్పుకున్నాడా? ఇవి రాసుకోండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. తీర్పు ఆపడం అంటే ఎప్పటికీ తేల్చకపోవడం కాదు. కొందరు "అన్ని కోణాలూ చూస్తున్నాను" అంటూ ఏళ్ళ తరబడి నాన్చుతారు. అది కూడా తప్పించుకోవడమే. అప్పు ఇవ్వాలా వద్దా, ఆపరేషన్ చేయించాలా వద్దా లాంటి వాటికి తేదీ ఉంటుంది. ఆ తేదీ దాకా చూడండి, ఆ రోజున తేల్చండి. మొదట్లో కోటకి గడువు పెట్టమన్నది ఎందుకో, ఆలోచనకీ గడువు పెట్టమనేది అందుకే.

ఈ నెల సాధన

1. మీ ఇంటికి 50 కిలోమీటర్లలోపు ఉండి, మీరు ఇంతవరకూ చూడని పాత కట్టడం ఒకటి ఎంచుకోండి. దాని గురించి ఇంట్లోవాళ్ళు ఏమంటారో ముందే అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసిపెట్టండి.

2. తేదీ ఖాయం చేసి, తోడుకి ఇంకో కుటుంబాన్ని పిలవండి. ఆ రోజు ఆ ఒక్కచోటే చూడండి.

3. అక్కడ మొదటి ఇరవై నిమిషాలు ఫొటో తీయకండి. తర్వాత ఒక్కొక్కరు ఒక్క వివరాన్ని మాత్రం దగ్గరగా తీయండి. ఎందుకు దాన్ని ఎంచుకున్నారో తిరుగుదారిలో చెప్పుకోండి.

4. మూడు గడుల పేజీ అక్కడే నింపండి. ఇంటికొచ్చాక నింపితే విన్నవన్నీ చూసినవాటిలో కలిసిపోతాయి.

5. ఆ వారంలోనే, మీరు ఎప్పుడో తేల్చేసిన ఒక మనిషిని తీసుకోండి. తోడికోడలో, పై అధికారో, మాటలు మానేసిన తమ్ముడో. వారి మీద మీకున్న అభిప్రాయాన్ని అదే మూడు గడుల్లోకి విడదీయండి. మొదటి గడి ఎంత చిన్నదో చూసి ఆశ్చర్యపోకండి, అందరికీ అంతే.

6. ఆ మనిషితో ఒక పూట గడపండి. మొదటి గడిలో కొత్తగా ఒక్క వాక్యమైనా చేరాలి. అది మంచి వాక్యమే కానక్కర్లేదు, మీరు కళ్ళారా చూసింది అయితే చాలు.

పై ఆరింటిలో అన్నిటికంటే కష్టం రెండోదే. తక్కినవి మీరు అక్కడికి వెళ్ళాక వాటంతట అవే జరుగుతాయి. కాబట్టి పుస్తకం మూసి కేలండర్ తీయండి. తేదీ, తోడొచ్చేవాళ్ళ పేరు రాసి, వాళ్ళకి ఫోను చేసి చెప్పాకే తర్వాతి అధ్యాయం మొదలుపెట్టండి.